వచ్చిన టైర్ల మీదే

జయకుమార్ ఫోన్ చేసేసరికి నిస్సీ నంద్యాల ఆసుపత్రి ల్యాబులో రక్తం సీసాలకు పేర్ల చీటీలు అంటిస్తోంది. తమ్ముడు మామూలుగా మెసేజ్ పెట్టి ఊరుకుంటాడు. ఫోనే చేశాడంటే ఏదో కొంప మునిగి ఉండాలి, లేకపోతే ఏదో దొరికి ఉండాలి.

“అక్కా, ట్రాక్ వేసినారంట! మైదుకూరు అవతల! మద్రాసు కాదు, కోయంబత్తూరు కాదు, మన మైదుకూరు!”

“నిమ్మళంగా చెప్పురా. ఏం ట్రాక్?”

“కార్లు తోలేది. రామకృష్ణ అని ఒకాయప్ప. వాళ్లకు రాళ్ల చేను ఉండాదంట, గడ్డి కూడా మొలవదంట. ఆయప్పకేమో కార్లంటే పిచ్చి. దాంట్లో తారేసి, మలుపులు పెట్టి, ట్రాక్ చేసినాడు. వచ్చే నెల మొదటి పోటీ. శనివారమే, చర్చికి కూడా అడ్డం రాదు. మన పేర్లు ఇచ్చేసినా.”

“మన పేర్లా?”

“కారుకు ఇద్దరు తోలాల. ఇద్దరి టైములూ కలుపుతారు. నువ్వు ఊరికే పడిపోకుండా తిరిగొస్తే చాలు. మిగతాది నేను చూసుకుంటా.”

నిస్సీ నవ్వింది. ఆ మాట నిజమే అనుకుంది కూడా. కారు ఇద్దరిదీ. ఇద్దరూ కలిసి కొన్న చిన్న ఎర్ర కారు. మామూలు రోజుల్లో ఆమె దాంట్లో బేతంచెర్ల నుంచి నంద్యాలకు ఉద్యోగానికి వెళ్లి వస్తుంది. ముహూర్తాల రోజుల్లో అతను కెమెరాలు, డ్రోను, లైట్లు వేసుకుని పెళ్లిళ్ల వీడియోలు తీయడానికి కర్నూలు నుంచి కడప దాకా తిరుగుతాడు. ఆమెకు కారంటే ఉద్యోగానికి పోవడం. అతనికి కారంటే ప్రాణం.

“ఇంగొకటుండాదక్కా. అసలు విషయం అదే. ఇంటి నుంచి ఏ టైర్ల మీద వస్తామో వాటి మీదే ట్రాక్ ఎక్కాల. మళ్లా వాటి మీదే ఇంటికి పోవాల. లారీలో ఇంగో సెట్టు తెచ్చుకునేది లేదు. మనవెట్లా అరిగిపోయినాయి కదా. ఏం టైర్లు వేద్దాం?”

ఆ ప్రశ్నతోనే ఇంట్లో గొడవ మొదలైంది.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక, అమ్మ విశ్వాసమ్మ పెట్టిన అన్నం తిని, ఇద్దరూ కర్నూలులో ఓబుళేశు టైర్ల షాపుకు వెళ్లారు. ఓబుళేశుకు యాభై ఏళ్లుంటాయి. మాట్లాడేటప్పుడు చేతులు ఊరుకోవు. ఏ టైరు గురించి చెప్పినా దాన్ని అరచేత్తో తట్టి చెబుతాడు.

“ఇద్దో, ఇది సెమీ స్లిక్,” అని ఒకదాన్ని తట్టాడు. నల్లగా, దాదాపు నున్నగా ఉందది. పైన రెండు మూడు గాడులు మాత్రం ఉన్నాయి. “ట్రాక్ కోసం పుట్టింది. మెత్తని రబ్బరు. వేడెక్కిందంటే తారును కరుచుకుంటాది. రోడ్డు మీద తోలేదానికీ అనుమతి ఉండాది. అయితే బిరీన అరుగుతాది, నీళ్లలో కొంచెం కష్టం.” తర్వాత పక్కదాన్ని తట్టాడు. దానికి లోతైన గాడులు ఉన్నాయి, పక్క అంచు దిట్టంగా ఉంది. “ఇది రోడ్డు టైరే గానీ స్పీడు కార్లకు చేసింది. ఎండలో, వానలో రెండిట్లోనూ పట్టుంటాది. ట్రాక్ మీద కూడా తోలొచ్చు. కాకుంటే అదే పనిగా తోలితే వేడెక్కి జారుతాది.”

జయకుమార్ అప్పటికే సెమీ స్లిక్ మీద వేళ్లు ఆనించి, రబ్బరు ఎంత మెత్తగా ఉందో నొక్కి చూస్తున్నాడు. “ఇంకేం ఆలోచనక్కా. ఇదే.”

“వానొస్తే?”

“ఏప్రిల్లో మన సీమలో వానా? పండగ చేసుకుంటారు జనాలు.”

“వాన రాకపోయినా మన ఊరి రోడ్డు మీద తడి ఉంటాదిరా. పాలిష్ ఫ్యాక్టరీల ముందర.”

అది నిజం. బేతంచెర్లలో నాపరాళ్లను నీళ్లు పోస్తూ కోస్తారు, నునుపు చేస్తారు. ఆ రాతి పొడి నీళ్లలో కలిసి తెల్లటి బురదై లారీల చక్రాలకు అంటి రోడ్డెక్కుతుంది. ఎండితే పిండిలా లేస్తుంది. తడిగా ఉంటే దాని మీద నడిచే మనిషి కూడా చెప్పులు విడిచి జాగ్రత్తగా అడుగేస్తాడు.

“నెమ్మదిగా పోతే సరి,” అన్నాడు జయకుమార్.

“ఎదురుగా లారీ వస్తే అది కూడా నెమ్మదిగా వస్తాదా?”

ఓబుళేశు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “నేను అమ్మేటోన్ని. మీరేది తీసుకున్నా నాకు సంతోషమేప్పా. మీరిద్దరూ తేల్చుకోండి.”

ల్యాబులో ఏదైనా ఫలితం మీద అనుమానం వస్తే నిస్సీ వాదించదు, మళ్లీ పరీక్ష చేస్తుంది. “అన్నా, ఈ రెండు సెట్లూ జనాలకు చూపేదానికి చక్రాలకు ఎక్కించి పెట్టినావు కదా. మా కారుకు సరిపోతాయా?”

“సరిపోతాయి.”

“ఒక్క పూట ఇస్తావా? రెండూ తోలి చూస్తాము. దాన్ని జయ వీడియో తీస్తాడు. నీ షాపు పేరుతో పెట్టుకో.”

ఓబుళేశు చేతులు గాలిలో ఆగిపోయాయి. తర్వాత రెండూ ఒకదానికొకటి తగిలి చప్పట్లయ్యాయి. “ఇదేదో బాగుండాది పాపా! నేనే తీసుకొని వస్తా!”

బేతంచెర్లలో పెద్ద ఈరన్న పాలిష్ ఫ్యాక్టరీకి వెనక పెద్ద ఆవరణ ఉంది. రాళ్లు పేర్చుకోవడానికి సిమెంటు వేసిన నేల. ఆయన చక్కెర పరీక్షలన్నీ నిస్సీ చేతుల మీదుగానే జరుగుతాయి కాబట్టి, సెలవు రోజున వాడుకుంటామని అడిగితే కాదనలేదు. “రాళ్ల మీదికి మాత్రం తోలద్దండప్పా,” అన్నాడంతే.

ఆ సెలవు రోజు పొద్దున్నే ఓబుళేశు ట్రాలీ ఆటోలో ఎనిమిది చక్రాలతో దిగాడు. నిస్సీ నేల మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీసింది. అక్కడికి వచ్చేసరికి కారు ప్రతిసారీ ఒకే వేగంలో ఉండాలి, గీత దాటగానే బ్రేకు తొక్కాలి. ఆగిన చోట ఇంకో గీత.

మొదట రోడ్డు టైర్లు. జయకుమార్ హెల్మెట్ పెట్టుకుని తోలాడు. బ్రేకు తొక్కగానే కారు ముక్కు కిందికి వంగి, కిర్రుమని ఆగింది. నిస్సీ గీత గీసింది. మళ్లీ, మళ్లీ. గీతలన్నీ దగ్గర దగ్గరగానే పడ్డాయి. తర్వాత బోల్టులు విప్పి సెమీ స్లిక్ బిగించారు. మొదటిసారి అవి కూడా దాదాపు అక్కడే ఆగాయి. జయకుమార్ మొహం వాడిపోయింది.

“వేడెక్కాల కదప్పా!” అని అరిచాడు ఓబుళేశు. “నాలుగు రౌండ్లు తిప్పు! బ్రేకులేసి వేడి చెయ్!”

జయకుమార్ ఆవరణ చుట్టూ గిరగిరా తిప్పాడు. రబ్బరు వాసన వచ్చింది. ఈసారి గీత మీద బ్రేకు తొక్కితే కారు నేలకు బంక పూసినట్టు ఆగిపోయింది. పాత గీతకు దాదాపు కారంత దూరం ముందే! జయకుమార్ కిటికీలోంచి సగం బయటికి వచ్చి కేక పెట్టాడు. ఓబుళేశు గెంతాడు. ఇంత తేడా ఉంటుందని నిస్సీ కూడా అనుకోలేదు.

“చూస్తివా? చూస్తివా అక్కా?”

“చూస్తి. ఇప్పుడు తడి చేద్దాం.”

పైపుతో నీళ్లు కొట్టారు. ఫ్యాక్టరీ తొట్టిలో అడుగున మిగిలిన తెల్ల బురదను బకెట్లతో తెచ్చి పల్చగా పోశారు. అచ్చం ఊరి రోడ్డులాగే అయింది. పొడి నేల మీద తోలిన వేగంలో సగమే పెట్టమని నిస్సీ గట్టిగా చెప్పింది.

సెమీ స్లిక్ మీద జయకుమార్ గీత దాటి బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. వేగం తగ్గినట్టే లేదు. చక్రాలు నిలిచిపోయాయి గానీ కారు మాత్రం పళ్లెంలో వెన్నముద్దలా జారుతూ పోయింది. స్టీరింగు ఎటు తిప్పినా నేరుగా, పేర్చిన నాపరాళ్ల వైపే పోతోంది. “జయా!” అని అరిచింది నిస్సీ. ఓబుళేశు కళ్లు మూసుకున్నాడు.

రాళ్లకు జానెడు దూరంలో ఆగింది.

జయకుమార్ దిగాడు. రాళ్లకూ బంపరుకూ మధ్య తన చెయ్యి పెట్టి చూశాడు. వెళ్లి జాకీ తెచ్చాడు. రోడ్డు టైర్లు బిగించాక అదే బురదలో, అదే వేగంలో తోలాడు. కారు కొద్దిగా అటూ ఇటూ ఊగింది. గాడుల్లోంచి తెల్లనీళ్లు రెండు పక్కలా చిమ్మాయి. రాళ్లకు చాలా దూరంలోనే నిలబడింది.

నీడలో కూర్చుని ముగ్గురూ మజ్జిగ తాగారు.

“ట్రాక్ మీద బురద యాడుంటాదక్కా?” అన్నాడు జయకుమార్ చివరికి. గొంతులో పట్టుదల తగ్గింది గానీ ఆశ చావలేదు.

“ఉండదు. ట్రాక్ మీద నీ టైర్లే గొప్పవి. నేను కాదనడం లేదు. నాక్కూడా నచ్చినాయి. కానీ నువ్వు ట్రాక్ మీదికి ఎప్పుడో ఒకసారి పోతావు. నేను ఈ బురదలో రోజూ పోతా. నువ్వు పెళ్లిళ్లకు పోయేటప్పుడు కూడా ఇదే రోడ్డు.”

అతను ఎండిపోతున్న తెల్ల చారల వైపు చూశాడు. తన కారు జారిన జాడ ఇంకా కనిపిస్తూనే ఉంది.

“ఓబులన్నా, రోడ్డు టైర్లే ఉండనీ. విప్పొద్దు,” అన్నాడు. “కానీ అక్కా, ఒక్క మాట. వీటితో ఎంత దూరం పోగలమో అంతా పోదాం. టైర్లు ఇవి కాబట్టి ఇంతే అని ముందే అనుకోవద్దు.”

“అనుకోను.”

ఆ తర్వాతి రోజుల్లో నిస్సీ ఆ టైర్ల మీదే ఉద్యోగానికి వెళ్లింది. కొత్త రబ్బరు కాస్త అరిగితే గానీ దాని అసలు పట్టు తెలియదని ఓబుళేశు చెప్పాడు. మొదటి రెండు రోజులూ ఆమెకు ఏమీ తేడా తెలియలేదు. తర్వాత పాణ్యం దారిలో గుట్టల పక్కన మలుపులు తిరుగుతుంటే చేతులకు ఏదో అందడం మొదలైంది. స్టీరింగు కొంచెం తిప్పితే ముందు చక్రాలు వెంటనే బదులు చెబుతున్నాయి. మలుపులో పట్టు నిండుగా ఉన్నప్పుడు స్టీరింగు బరువుగా ఉంటోంది. ఇంకా కొంచెం ఎక్కువ అడిగితే ఆ బరువు తేలికవుతోంది. అంటే టైరు ఇక చాలంటోందన్నమాట. వేగం పెంచకుండానే, ఏ మలుపులో ఆ బరువు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ సడలుతుందో ఆమె గమనించుకుంటూ వెళ్లేది. ఉద్యోగానికి వెళ్లడం ఇంత బాగుంటుందని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. ఇంట్లో మాత్రం ఎవరితోనూ అనలేదు.

శనివారం తెల్లవారుజామున విశ్వాసమ్మ ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేసింది. తర్వాత కారు బానెట్ మీద కూడా చెయ్యుంచింది. “ప్రభువా, ఈ చక్రాలను కాపాడు,” అని, కొడుకు వైపు తిరిగి, “అక్కను తీసుకపోతాండావు. జాగ్రత్త,” అంది.

నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి దాటి మైదుకూరు అవతలికి చేరేసరికి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రామకృష్ణ చేను చుట్టూ రాళ్లు, మధ్యలో కొత్త తారు మిలమిలలాడుతోంది. పొడవైన నేరుదారి ఒకటి, దాని చివర గట్టి కుడి మలుపు, తర్వాత మిట్ట ఎక్కి దిగే రెండు వంపులు, ఆఖరున పెద్ద చుట్టు. రామకృష్ణే గేటు దగ్గర నిలబడి ఒక్కో కారు టైర్లకు రంగు గుర్తు పెడుతున్నాడు, మధ్యలో ఎవరూ మార్చకుండా. తెల్ల చొక్కా మీద తారు మరకలు. మనిషి మొహం మాత్రం తన పెళ్లిరోజులాగా వెలిగిపోతోంది.

“రాండి, రాండి! బేతంచెర్ల నుంచి వచ్చినారా? ఆడవాళ్లు తోలేది మీరొక్కరే మేడం. బాగా తోలల్ల!”

పక్కనే అదే రకం కారు, నీలం రంగుది. దాని యజమాని కడప నుంచి వచ్చిన వసంతకుమార్. కడపలో అతనికి జిమ్ ఉంది. అతని కారుకు సెమీ స్లిక్ టైర్లున్నాయి. జయకుమార్ వాటిని చూసి గుటక మింగాడు. వసంతకుమార్ వీళ్ల టైర్లను చూసి, “రోడ్డు టైర్లా బ్రో? ఎండకు కరిగిపోతాయి కదా?” అన్నాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే జాలిపడ్డాడు.

పొద్దున సాధన. జయకుమార్ ముందు ఎక్కాడు. ట్రాక్ మీద గాలి తగ్గించాలని ఎక్కడో విని, నాలుగు టైర్లలోనూ బాగా వదిలేశాడు. మొదటి రౌండు నెమ్మది, రెండోది బాగుంది. మూడు, నాలుగు రౌండ్లలో టైర్లు ఏడుపు లంకించుకున్నాయి. నిస్సీ గట్టు మీద నిలబడి చూస్తోంది. ఐదో రౌండులో పెద్ద చుట్టు దగ్గర కారు ముక్కు తిరగలేదు. తిన్నగా తారు దాటి, ఎర్రమట్టిలోకి దూసుకుపోయి, దుమ్ములో మాయమైంది.

ఆమె పరుగెత్తింది. దుమ్ములోంచి కారు మెల్లగా వెనక్కి వచ్చింది. కారుకేమీ కాలేదు. జయకుమార్ దిగి, హెల్మెట్ తీసి నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

“పోయిందక్కా పట్టు. నూనె మీద తోలినట్టుండాది. వసంతకుమార్ నాకంటే రెండు సెకన్లు ముందుండాడు. సెమీ స్లిక్ వేసుకోవాల్సింది.”

“వేసుకోలేదు కదా. ఇప్పుడుండేది చూద్దాం.” నిస్సీ ముందు చక్రం పక్కన కూర్చుంది. కారు ట్రాక్ ఎక్కక ముందే ఆమె ప్రతి టైరు అంచు మీదా సుద్దతో నిలువు చార గీసి ఉంచింది. రబ్బరు నేలకు ఎంతమేర రాసుకుంటే సుద్ద అంతమేర చెరిగిపోతుంది. ఎడమ ముందు టైరుకు చార పక్క గోడ మీద సగం దాకా చెరిగిపోయి ఉంది. “చూడు, టైరు పక్కకు పొర్లుతాండాది. గాలి మరీ తక్కువ పెట్టినావు. గాలి కొడదాం.”

కొట్టి, సుద్ద చారలు మళ్లీ గీశారు. ఇక నిస్సీ వంతు. ఆమె బెల్టు బిగించుకుంది. మొదటి రౌండు స్కూటీ వేగంతో తోలింది. ఎవరో ఈల వేశారు. రెండో రౌండులో కుడి మలుపు తిరుగుతుండగా స్టీరింగులో ఆ బరువు వచ్చింది. పాణ్యం దారిలో రోజూ పలకరించిన బరువే. అయితే ఇక్కడ ఎదురుగా లారీ లేదు, గొర్రెల మంద లేదు, భయపడడానికి ఏమీ లేదు. ఆ బరువు సడలబోయే అంచు దాకా వెళ్లి, అక్కడ పట్టి ఉంచింది. మూడో రౌండు ఇంకా వేగంగా తోలుదామనుకుంది గానీ టైరు ముందే సడలిపోయింది. ఆమె బలవంతం చేయకుండా లోపలికి వచ్చేసింది.

సుద్ద చార ఇప్పుడు సరిగ్గా అంచు దగ్గరే చెరిగింది.

“జయా, రెండో రౌండే మంచిది,” అంది ఆయాసపడుతూ. “నీది కూడా రెండోదే బాగుండింది. మన టైర్లకు ఒకే ఒక్క రౌండు ఉండాది. ఒకటి నెమ్మదిగా వేడి చెయ్యాల, ఒకటి గట్టిగా తోలాల, వచ్చేయాల. నీడలో చల్లారనీయాల. మళ్లా పోవాల. వాళ్ల మాదిరి అదే పనిగా తిప్పితే మనం చస్తాం.”

జయకుమార్ కళ్లు మళ్లీ వెలిగాయి. “టైము ఉన్నంతసేపు ఎన్నిసార్లైనా పోయి రావొచ్చని, అన్నిట్లో మంచి టైమే లెక్కేస్తారని రామకృష్ణన్న చెప్పినాడు. అక్కా, ఇది కుదురుతాది!”

కారును వేపచెట్టు నీడలోకి తోసి, తడిగుడ్డలు టైర్ల మీద వేయబోతే నిస్సీ ఆపింది. “దానంతట అదే చల్లారనీ.” అతను డ్రోను తీసి ఎగరేసి, పైనుంచి ట్రాక్ తీసి ఆమెకు చూపించాడు. ఇద్దరూ ఫోను మీద వేళ్లతో మలుపులు గీశారు. ఎక్కడ బ్రేకు, ఎక్కడ వదలడం. పెద్ద చుట్టులో అతను ముందే లోపలికి కోసుకు వస్తున్నాడని ఆమె చూపింది. మిట్ట మీద ఆమె అనవసరంగా భయపడుతోందని అతను చూపాడు.

మధ్యాహ్నం అసలు పోటీ. మైకులో రామకృష్ణ గొంతు బొంగురుపోయింది. వసంతకుమార్ మొదట్లోనే అదరగొట్టాడు. నీలం కారు వేడి తారుకు అతుక్కుని తిరుగుతుంటే జనం లేచి నిలబడ్డారు. అతని తమ్ముడు కూడా బాగానే తోలాడు.

జయకుమార్ ఈసారి చెప్పిన మాట విన్నాడు. ఒకటి నెమ్మది, ఒకటి గట్టిగా, లోపలికి. పొద్దుటి కన్నా సెకను పైగా బాగైంది. మళ్లీ చల్లార్చి వెళ్లాడు, ఇంకొంచెం తగ్గింది. దిగి వచ్చి హెల్మెట్ అక్క చేతిలో పెట్టాడు. చెమటతో మొహం మెరుస్తోంది. “నేనింతేనక్కా. ఇంతకంటే ల్యా. నువ్వు పోయి ఊరికే తిరిగొచ్చినా మూడో చోటు వస్తాది.”

ఊరికే తిరిగి రావాలని నిస్సీకి ఏ కోశానా లేదు.

మొదటి రౌండులో టైర్లను మెల్లగా వేడి చేసింది. పెద్ద చుట్టులోంచి నేరుదారి మీదికి వస్తూ కాలు పూర్తిగా నొక్కింది. ఇంజను గోల చేసింది. కుడి మలుపు దగ్గర, పొద్దున భయపడి బ్రేకు వేసిన బండరాయిని దాటి, ఇంకా దాటి, అప్పుడు తొక్కింది. టైర్లు కేక పెట్టలేదు, గొణిగాయంతే. స్టీరింగు బరువెక్కింది. ఉంది, ఉంది, ఇంకా ఉంది. మిట్ట మీద కాలు తీయలేదు. ఒక్క క్షణం ఒళ్లంతా తేలికై, ఆమె హెల్మెట్ లోపల గట్టిగా నవ్వింది. మిట్ట దిగి రెండో వంపు, చేతులు కొంచెమే కదిలాయి. ఆఖరి చుట్టు. ఆమె బయటి అంచునే ఆగి, ఆలస్యంగా లోపలికి తిప్పి, ఎడమ టైరు సడలబోయే చోటును పట్టుకుని, సడలనీయకుండా, చుట్టు చుట్టంతా దాని మీదే తోలుకొచ్చింది. గీత దాటింది.

టైము ఆమెకు తెలియలేదు. లోపలికి వస్తుంటే మాత్రం జయకుమార్ గట్టు మీదనుంచి దూకి పరుగెత్తుకొస్తున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. ఏం అరుస్తున్నాడో వినబడలేదు. అద్దం దించింది.

“నాకంటే ముందు! నాకంటే ముందక్కా! దగ్గర దగ్గర ఒక సెకను!”

“తప్పు చెప్పుంటారులే.”

“తప్పేంది! మైకులో రెండుసార్లు చెప్పినాడు! ఈ రోజు మొత్తానికి మూడో టైము నీదే!” అతను కారు పైకప్పును రెండు చేతులా కొట్టాడు. తర్వాత తలుపు తీసి ఆమెను బయటికి లాగి, హెల్మెట్‌తో సహా కౌగిలించుకున్నాడు. “నువ్వు ఎప్పుడు నేర్చుకుంటివి ఇదంతా?”

“ఉద్యోగానికి పోతా నేర్చుకుంటి,” అంది. అతనికి అది తమాషా అనిపించింది గానీ ఆమె నిజమే చెప్పింది.

ఆమె ఇంకోసారి వెళ్లింది, కానీ అంత బాగా రాలేదు. రెండు టైములూ కలిపి చూస్తే వసంతకుమార్ మొదటివాడు. వీళ్లు రెండోవాళ్లు. మధ్య తేడా సెకనులో సగం కూడా లేదు. వీళ్ల వెనక సెమీ స్లిక్ కార్లు ఇంకో మూడున్నాయి.

కప్పు చేతిలో పట్టుకుని వసంతకుమార్ వీళ్ల దగ్గరికే వచ్చాడు. వంగి ఎడమ ముందు టైరును చేత్తో తడిమాడు. వేలికి అంటిన రబ్బరు పలుకులను చూశాడు. “నేను తప్పంటి బ్రో, ఇవి కరగలేదు. అక్కా, మీరు ఆ చుట్టులో ఎట్ల తిప్పినారో నాకు చెప్పాల. నా టైర్లకు మీ చేతులుండుంటే ఇంకో సెకను తగ్గేది.” కాస్త ఆలోచించి తాళం చెవి చాపాడు. “పోయి రాండి. ట్రాక్ ఖాళీగానే ఉండాది. ఒకసారి తోలి చూడండి.”

నిస్సీ తమ్ముడి వైపు చూసింది. అతను ఇప్పటికే నీలం కారు పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటున్నాడు.

ఆమె నాలుగు రౌండ్లు తోలింది. టైర్లు అలిసిపోలేదు. ఆమె ఎక్కడ సడలుతాయనుకుందో అక్కడ ఇంకా పట్టుంది, దాని అవతల కూడా ఉంది. పక్కన జయకుమార్ ఒక్కో మలుపుకు ఒక్కో కేక వేస్తున్నాడు. దిగి హెల్మెట్ తీసింది. జుట్టంతా చెమటకు నుదుటికి అంటుకుపోయింది.

“ఎట్లుండాది?” అన్నాడు వసంతకుమార్.

“అన్యాయమప్పా,” అంది. “శానా అన్యాయంగా ఉండాది.” ముగ్గురూ పగలబడి నవ్వారు.

ఎండ దిగాక తమ టైర్లలో మామూలు గాలి కొట్టుకుని ఇంటికి బయలుదేరారు. జయకుమార్ తోలుతున్నాడు. చాగలమర్రి దాటాక రోడ్డు బాగున్న చోట కారు చప్పుడు లేకుండా సాగిపోతోంది. అంచులు కొంచెం గరుకెక్కాయి తప్ప టైర్లు పొద్దున వచ్చినట్టే ఉన్నాయి.

“రామకృష్ణన్న ఇంగో పోటీ పెడతాడంట,” అంది నిస్సీ. “దానికి ఈ నియమం లేదంట. ఏ టైర్లైనా తెచ్చుకోవచ్చు, ఆడనే మార్చుకోవచ్చు.”

“అయితే?”

“అయితే ఏముండాది. ఇవి రోడ్డుకు. ఇంగో నాలుగు చక్రాలు ట్రాక్‌కు. వెనక సీటు మడిస్తే నాలుగూ పడతాయి. కొలిచినా.”

జయకుమార్ రోడ్డు మీదనుంచి చూపు తిప్పి ఆమెను చూశాడు. “ఎప్పుడు కొలిస్తివి?”

“నువ్వు గాలి కొడతాంటే. రోడ్డు చూడు.”

“సెమీ స్లిక్ వద్దన్నది ఎవరక్కా?”

“మన రోడ్డుకు వద్దంటి. ఇప్పుడు కూడా వద్దనే అంటాండా. నేను ట్రాక్ గురించి మాట్లాడతాండా.”

అప్పుడే ఫోను మోగింది. విశ్వాసమ్మ. నిస్సీ స్పీకర్లో పెట్టింది.

“ఏమప్పా, బాగుండారా? చక్రాలు బాగుండాయా?”

“రెండో చోటమ్మా!” అని అరిచాడు జయకుమార్. “అక్క నన్ను ఓడించింది!”

అటువైపు విశ్వాసమ్మ పక్కింటి ఆమెతో, “మా నిస్సీ గెలిచిందంట,” అని చెబుతున్న గొంతు వినిపించింది. రెండో చోటు అన్న మాట ఆమె వదిలేసింది. మళ్లీ ఫోను దగ్గరికి వచ్చి, “సరే గానీ, మళ్లా పోయేటప్పుడు నేనూ వస్తా. కార్లో కూర్చోబెట్టి ఒకసారి తిప్పండి,” అంది.

“వెనక సీట్లో టైర్లుంటాయమ్మా,” అన్నాడు జయకుమార్.

“నేను ముందర కూర్చుంటా. నువ్వు బస్సులో రా.”